‘ఈరన్న’ మన నేల మీద నడుస్తాడా? 60 టన్నుల యుద్ధయంత్రం గురించి సలహాలు కావాలి

ఎర్రమల_కథకుడు (కర్నూలు)
అందరికీ నమస్కారం. ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ రాస్తున్నాను. కాలం 2147. సీమ గనుల మీద కన్నేసి వచ్చిన ఒక ప్రైవేటు సైన్యానికీ, ఇక్కడి రక్షణదళానికీ యుద్ధం. మనవాళ్ల దగ్గర ఒక నడిచే యంత్రం ఉంది. కాగితాల మీద దాని పేరు ‘వీరభద్ర-7’. దళంలో అందరూ ‘ఈరన్న’ అంటారు.

ఇప్పటిదాకా అనుకున్నది ఇదీ: రెండు కాళ్లు, 12 మీటర్ల ఎత్తు, 60 టన్నుల బరువు. తలకాయలో ఒక్కడే పైలట్. కుడి భుజం మీద 155 మి.మీ. ఫిరంగి, ఎడమ చేతికి లేజర్. ఒక్కో పాదం 2 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. మొదటి యుద్ధం నంద్యాల చేలల్లో, రెండోది గండికోటలో, ఆఖరిది ఓర్వకల్లు రాళ్ల మధ్య.

మొదటి అధ్యాయం చదివిన స్నేహితుడొకడు “ఇది మన ఊర్లో నడవదు” అనేసి టీ తాగి వెళ్లిపోయాడు. ఎందుకు నడవదో మీరు చెప్పండి. భవిష్యత్తు కదా అని మంత్రమేసి నడిపించడం నాకు ఇష్టం లేదు.

రేగడి_రైతు (నంద్యాల)
ఏ నెలలో నడిపిస్తావన్నా? అది చెప్పకుండా మా చేలల్లో యుద్ధం పెడితే ఎట్లా?

ఏప్రిల్, మే అయితే నేల నెర్రెలిచ్చి రాయి మాదిరి ఉంటాది, నడవొచ్చు. రెండు పదున్ల వాన పడినాక రమ్మను చూద్దాం. ట్రాక్టరే ఇరుసు దాకా దిగబడతాది. ఇంకోటి, తడి రేగడిలో నాలుగు అడుగులేస్తే చెప్పుల కింద మట్టి ఇంత మందాన పట్టుకుంటాది, కాలెత్తను కాదు. మీ ఈరన్న పాదానికి ఎన్ని క్వింటాళ్ల మట్టి పడతాదో లెక్క కట్టినారా?

చక్రపాణి_2
కాళ్లు పీకేసి ట్రాకులు పెట్టండి. దాన్ని ట్యాంకు అంటారు. చర్చ ముగిసింది.

ఫిజిక్స్_టీచరమ్మ (అనంతపురం)
రైతన్న చెప్పింది లెక్కలో కూడా కనిపిస్తుంది. నడిచేటప్పుడు ఒక క్షణమైనా బరువంతా ఒంటికాలి మీదే ఉంటుంది. పాదం వైశాల్యం 2.4 చదరపు మీటర్లు, అంటే 24,000 చదరపు సెంటీమీటర్లు. 60,000 కిలోలను దాంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 2.5 కిలోలు. అర్జున్ ట్యాంకు అంత బరువుండీ నేల మీద వేసే ఒత్తిడి సుమారు 0.85 కిలోలే, ఎందుకంటే దాని బరువు రెండు పొడవాటి ట్రాకుల మీద పరుచుకుంటుంది. మీ ఈరన్న దానికి మూడింతలు గుచ్చుతున్నాడు. అదీ నిలబడి ఉన్నప్పుడు. అడుగు వేసిన ఊపు కలిపితే ఇంకా ఎక్కువ.

నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. కాబట్టి “ఏ నెల” అన్నదే మొదటి ప్రశ్న.

ఎత్తు గురించి కూడా ఒకమాట. 1.7 మీటర్ల మనిషిని 12 మీటర్లకు పెంచితే ఏడింతలు. బరువు ఏడు ఘనం చొప్పున, అంటే సుమారు 350 రెట్లు పెరుగుతుంది. ఎముక అడ్డుకోత మాత్రం 50 రెట్లే. ప్రతి కీలు మీదా ఏడింతల భారం. ఈ సంగతి గెలీలియో 1638లోనే రాసిపెట్టాడు. స్టీలు వాడినా బిడ్డ మోకాళ్లు పాపం.

ఇక పడిపోతే? నిలువుగా ఉన్న కడ్డీ మొదలు దగ్గర ఒరిగి పడితే దాని కొస నేలను తాకే వేగం, అదే ఎత్తు నుంచి జారవిడిచిన రాయి వేగం కంటే ఎక్కువ. 12 మీటర్లకు గంటకు దాదాపు 68 కిలోమీటర్లు వస్తుంది. మీ పైలట్ సరిగ్గా ఆ కొసలోనే కూర్చున్నాడు. శత్రువు గుండు ఖర్చు పెట్టాల్సిన పని లేదు, ఒక తాడు అడ్డం కడితే చాలు.

ఎర్రమల_కథకుడు
టీచరమ్మా, నా హీరోను రెండో పేరాలోనే చంపేశారు.

మాజీ_సిపాయి (కడప)
నేను టీ-72 ట్యాంకు మీద పనిచేసినోణ్ణి. అది 41 టన్నులు, ఎత్తు 2.2 మీటర్లు. అంత పొట్టిగా ఎందుకు కట్టినారో ఎవరైనా ఆలోచించినారా? కనపడకుండా ఉండేదానికే. చదును నేల మీద 12 మీటర్ల ఎత్తున్నది 12 కిలోమీటర్ల అవతల నుంచి కూడా కనపడతాది. రెండు మీటర్లదైతే ఐదు కిలోమీటర్ల లోపలికి రావల్ల. ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య నేల సంగతి మీకు తెలుసు, బల్లపరుపు. ఈరన్న మహానందిలో లేస్తే నంద్యాలలో జనం సెల్ఫీలు తీసుకుంటారు.

ఒక్కడే పైలట్ అన్నది నేను అస్సలు ఒప్పుకోను. టీ-72లో గుండ్లు యంత్రమే ఎక్కిస్తాది, అయినా ముగ్గురం ఉండేవాళ్లం. నడిపేవాడు ఒకడు, గురి చూసేవాడు ఒకడు, చుట్టూ చూసి ఆర్డరిచ్చేవాడు ఒకడు. అర్జున్‌లో నలుగురు. నడుపుతా, గురి చూస్తా, రేడియోలో మాట్లాడతా ఉంటే వాడు ఏ పనీ సరిగ్గా చేయలేడు. లోపల వేడి సంగతి తర్వాత చెప్తా, అది పెద్ద కథ.

పాత_పత్రికలు (ప్రొద్దుటూరు)
సిపాయి గారి మాటకు రుజువు చరిత్రలోనే ఉంది. 1960లలో అమెరికా సైన్యం కోసం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ నాలుగు కాళ్ల నడిచే బండి కట్టింది. లోపల కూర్చున్న మనిషి రెండు చేతులతో ముందు కాళ్లను, రెండు కాళ్లతో వెనక కాళ్లను ఆడించాలి. అద్భుతంగా నడిచింది, అడ్డం వచ్చిన వాటిని ఎక్కింది కూడా. కానీ నడిపేవాడు కాసేపటికే డస్సిపోయేవాడు.

తర్వాత బోస్టన్ డైనమిక్స్ వాళ్లు బరువులు మోసే నాలుగు కాళ్ల యంత్రం చేశారు. దాన్ని 2015లో అమెరికా మెరైన్ సైనికులు పక్కన పెట్టడానికి పెద్ద కారణం ఇంజన్ చప్పుడు. కూతవేటు దూరం నుంచే శత్రువుకు తెలిసిపోతే కాళ్లుండి ఏం లాభం? నడక వాళ్లకు సమస్యే కాలేదు. మనం ఇక్కడ నడక గురించే కొట్టుకుంటున్నాం.

చక్రపాణి_2
అందుకే ట్యాంకు అన్నాను.

హిటాచి_ఆపరేటర్ (బేతంచెర్ల)
ట్యాంకు అన్నాయనకు ఒక ప్రశ్న. మా బండల గనిలోకి ఎప్పుడైనా దిగినావా సామీ? బెంచీ మీద బెంచీ, మెట్లు మెట్లుగా ఉంటాది. ఒక్కో మెట్టు మనిషి ఎత్తు, ఇంకా ఎక్కువ కూడా. ర్యాంపు లేకపోతే నా హిటాచి కూడా దిగదు. కొన్నిసార్లు బకెట్ నేలకు ఆనించి, ముందు భాగం లేపి, మెల్లగా ఎక్కిస్తాం. అంటే ఆ టైములో చేతినే కాలు చేసుకుంటాం. చూసినోళ్లకు తెలుస్తాది.

కాళ్లుండాల్సింది యాడ అంటే గనుల్లో. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల. ఇప్పుడే ఇన్ని గుంతలుంటే 2147కి ఎన్నుంటాయో. నీళ్లు నిండినవి కొన్ని, ఎండినవి కొన్ని, మధ్యలో వ్యర్థం బండల దిబ్బలు. అక్కడ ట్యాంకు తిరగబడతాది. కాళ్లున్నది పోతాది. కథకుడన్నా, నీ ఈరన్నను చేలల్లో కాదు, గనుల్లో దించు.

కానీ నాకు ఇంకో బాధ ఉంది. ఈ యంత్రానికి గ్రీజు ఎవరు కొడతారు?

నవ్వొద్దు. నా బండికి బూము, ఆర్ము, బకెట్, అంతే. వాటి పిన్నులకే దినాం పొద్దున గ్రీజు కొట్టల్ల. ఒక వారం మర్చిపోతే బుష్ తినేసి ఆట వస్తాది, బకెట్ లటపటా కొట్టుకుంటాది. రెండు కాళ్ల యంత్రానికి తుంటి, మోకాలు, మడమ, అదీ అన్ని దిక్కులా తిరగల్ల. ఎన్ని పిన్నులు, ఎన్ని సీళ్లు! మా రాతి దుమ్ము సన్నగా పిండి మాదిరి ఉంటాది. సీలు లోపలికి పోయిందంటే సిలిండర్ రాడ్డు మీద గీతలు, ఇంక ఆయిల్ కారుడే.

హోసులు ఇంకొకటి. లోపల 350 బార్ దాకా ప్రెషర్ ఉంటాది. సూదిమొన అంత చిల్లు పడినా ఆయిల్ కంటికి కనపడకుండా చిమ్ముతాది. దాన్ని చేత్తో తడిమి చూడకూడదు, చర్మం లోపలికి దూరిపోతాది. పైకి చిన్న గాటే, చేయి తీసేయాల్సి వచ్చినోళ్లు ఉండారు. అట్టముక్క పెట్టి చూస్తాం. నీ కథలో మెకానిక్ ఉంటే వాని జేబులో అట్టముక్క పెట్టు.

ఎర్రమల_కథకుడు
అన్నా, ఇదే కావాల్సింది నాకు. నా కథలో ఇప్పటిదాకా మెకానిక్ లేడు. ఇప్పుడు వచ్చాడు.

సింగ్రౌలి_రిటర్న్ (డోన్)
రెండు కాళ్లా, నాలుగా అని కొట్టుకుంటున్నారు గానీ, మన దేశంలో నడిచే భారీ యంత్రాలు ఎప్పటినుంచో పనిచేస్తున్నాయి. సింగ్రౌలి బొగ్గు గనుల్లో డ్రాగ్‌లైన్లు, అంటే పైమట్టిని తవ్విపోసే పెద్ద యంత్రాలు, చూడండి. వెయ్యి టన్నులు దాటిన బరువు, కాళ్లతోనే నడుస్తాయి. ఎలాగంటే, యంత్రం ఒక పెద్ద గుండ్రటి పీఠం మీద కూర్చుని ఉంటుంది. పని చేసేంతసేపూ అలాగే కూర్చుంటుంది. కదలాల్సినప్పుడు రెండు పక్కలా ఉన్న బూట్ల లాంటి పలకలు నేలకు ఆనతాయి, యంత్రాన్ని కాస్త ఎత్తి ఒక అడుగు జరుపుతాయి, మళ్లీ కూర్చోబెడతాయి. గంటకు అర కిలోమీటరు కూడా పోదు. కానీ అంత బరువూ మెత్తటి నేలలో దిగబడదు.

నేను చెప్పేది ఒకటే. నడిచేటప్పుడు నిలబడాలి, కాల్చేటప్పుడు కూర్చోవాలి.

ఫిజిక్స్_టీచరమ్మ
సింగ్రౌలి గారూ, బంగారం లాంటి మాట. ఫిరంగి లెక్క చూడండి. 155 మి.మీ. గుండు సుమారు 43 కిలోలు. సెకనుకు 800 మీటర్ల వేగంతో బయటికి పోతే 60 టన్నుల యంత్రానికి వెనక్కి సెకనుకు అర మీటరు పైగా వేగం వస్తుంది. మందు వాయువుల తోపు ఇందులో కలపలేదు. ఆ దెబ్బ తగిలేది భుజానికి, పది మీటర్ల ఎత్తున. వెల్లకిలా పడటమే. కడుపు నేలకు ఆనించి కాలిస్తే ఆ తోపు నేలలోకి పోతుంది.

మాజీ_సిపాయి
కరెక్టు. పెద్ద గన్నులకు వెనక స్పేడ్లు, అంటే పార మాదిరి పలకలు, భూమిలోకి దించేది అందుకే. కాల్చి ఆడనే కూర్చోకూడదు, గుండు యాడ నుంచి వచ్చిందో రాడార్ పసిగడతాది. రెండు మూడు రౌండ్లు వేసి లేచి పరిగెత్తల్ల. లేచేదానికి ఎంతసేపు పడతాదో రాయండి. మీ కథలో టెన్షన్ అంతా ఆడనే ఉంటాది, లేజర్లలో కాదు.

తుంగభద్ర_బిడ్డ (కర్నూలు)
లేజర్‌ను తక్కువ చేయకండి సార్. 2025 ఏప్రిల్ 13న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాళ్లు 30 కిలోవాట్ల తరగతి లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది మన కర్నూలు పరీక్షా రేంజిలోనే. ఎగిరే డ్రోన్లను కూల్చింది. అదే ఏడాది జులైలో అదే రేంజిలో డ్రోన్ నుంచి వదిలే గైడెడ్ మిసైల్‌నూ పరీక్షించారు. ఒక రకం దెబ్బా, దానికి విరుగుడూ మన గడప ముందే తయారవుతున్నాయి. 2147లో ఈరన్నకు అసలు శత్రువు పైనుంచి వచ్చే డ్రోనే. నడుముకు లేజర్ కట్టకపోతే గంట బతకడు.

ఫిజిక్స్_టీచరమ్మ
కట్టండి, కానీ 30 కిలోవాట్ల వెలుగు రావాలంటే దానికి మూడింతల కరెంటు పోయాలి. మిగతాదంతా వేడి. మే నెలలో, 44 డిగ్రీల ఎండలో ఆ వేడిని ఎక్కడ పారబోస్తారు? పైగా హిటాచి అన్న చెప్పిన రాతి దుమ్ము లేస్తే కిరణం చెదిరిపోతుంది. డ్రోన్లు వచ్చే ముందు శత్రువు గనిలో ఒక పేలుడు పెడితే సరి.

తుంగభద్ర_బిడ్డ
మీరు ప్రతి దానికీ అడ్డం పడతారు మేడమ్.

ఫిజిక్స్_టీచరమ్మ
జీతం అందుకే ఇస్తున్నారు నాన్నా.

నిర్వాహకుడు
లేజర్ మీద వాదన పెరిగితే వేరే చర్చగా విడగొడతాను. సినిమాల్లోని రోబోలతో పోలికలు పెట్టిన కామెంట్లు తీసేశాను, కథకుడు అడిగింది అవి కాదు.

అహోబిలం_దారి (ఆళ్లగడ్డ)
వేడి మాట వచ్చింది కాబట్టి. థర్మల్ కెమెరా చూసేది వేడి తేడానే. రాత్రి బండలు చల్లబడతాయి, ఇంజన్ వేడి ఎర్రటి నిప్పులా కనిపిస్తుంది, దాక్కోలేరు. మిట్టమధ్యాహ్నం బండలే పెనంలా కాలుతుంటాయి, అప్పుడు కొంత నయం. అయితే పొద్దు పొడిచాక ఒకసారి, పొద్దుగుంకే వేళ ఒకసారి, యంత్రం పైతొడుగు, చుట్టూ ఉన్న రాళ్లు దాదాపు ఒకే వేడికి వస్తాయి. ఆ కాసేపు థర్మల్ కెమెరాలో ఏదీ సరిగ్గా విడిగా కనిపించదు. సైన్యాలకు తెలిసిన విషయమే ఇది. ఇంజన్ పొగగొట్టం, రేడియేటర్ కప్పిపెట్టుకుంటే ఈరన్న ఆ వేళ మాయమైపోతాడు.

పగలూ కాదు, రాత్రీ కాదు. మా ఎగువ అహోబిలంలో ఉగ్రస్తంభం చీల్చుకుని స్వామి వచ్చింది కూడా ఆ వేళకే అని చెప్తారు. మీ ఆఖరి యుద్ధం సంజెవేళ పెట్టండి. సైన్సూ కుదురుతుంది, కథా కుదురుతుంది.

ఎర్రమల_కథకుడు
ఒళ్లు గగుర్పొడిచింది. ఇది నా పేరు మీదే వేసుకుంటాను, ముందే చెప్తున్నా.

పెన్న_ఒడ్డు (జమ్మలమడుగు)
గండికోట సీన్ గురించి. పెన్న అక్కడ ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోతుంది, లోతు 300 అడుగులంటారు. గోడలు నిలువు. నాలుగు కాళ్లైనా, నలభై కాళ్లైనా ఆ గోడ దిగడు. అటూ ఇటూ రాళ్లు కూలిన వాలు ఉంటే దాని మీదుగా దించండి. దిగినాక కింద పొడి ఇసుక కాదు, మైలవరం రిజర్వాయరు నిండితే వెనక్కి తన్నిన నీళ్లుంటాయి. ఏ ఏడాది, ఏ నెల అన్నది రైతన్న అడిగినట్టే ఇక్కడా అడగాలి.

గుహల_పిచ్చోడు (బనగానపల్లె)
బెలుం గుహలు ఎందుకు వదిలేశారు? 3,229 మీటర్ల పొడవు, ప్రవేశం చదును పొలాల మధ్య ఒక గుంత. పైనుంచి చూస్తే కింద ఏముందో తెలియదు. యంత్రాన్ని అక్కడ దాచండి.

హిటాచి_ఆపరేటర్
దాయడం మంచిదే గానీ పైన నడిపించొద్దు. సున్నపురాయి నేలలో యాడ బొక్కుందో, పైకప్పు ఎంత మందం ఉందో పైకి తెలీదు. మేము కూడా బండి పెట్టే ముందు నేల మోత వింటాం. నా సలహా, శత్రువు యంత్రాన్ని ఆ పక్కకు రప్పించు. దాని బరువే దాన్ని మింగేస్తాది. ఈరన్న ఒక గుండు కూడా ఖర్చు పెట్టనక్కర్లేదు.

కరెంటు_మనిషి (పాణ్యం)
ఇంతకీ ఏం తాగి నడుస్తాడు మీ ఈరన్న? కిలో డీజిల్‌లో దాదాపు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఇప్పటి లిథియం బ్యాటరీ కిలోకు పావు యూనిట్ ఇస్తే గొప్ప. ఇంజన్‌లో సగానికి పైగా వృథా అయినా డీజిలే ముందు. 2147కి బ్యాటరీ ఎంత మెరుగవుతుందో మీ ఇష్టం, కానీ ఒక సంఖ్య వేసుకుని దానికే కట్టుబడండి. ఒక అధ్యాయంలో గంటకే చార్జి అయిపోయి, ఇంకో అధ్యాయంలో రాత్రంతా నడిస్తే చదివేవాళ్లు పట్టేసుకుంటారు.

చార్జింగ్ స్థావరం కావాలంటే మా పక్కనే గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. శత్రువు కూడా మొదట దాన్నే పట్టుకుంటాడు, కాబట్టి యుద్ధం ఎందుకు జరుగుతోందో వేరే వివరించాల్సిన పని లేదు.

ఎర్రమల_కథకుడు
అందరి మాటా విని మళ్లీ గీశాను. చూడండి.

బరువు 24 టన్నులు. నాలుగు కాళ్లు, ఒక్కో పాదం ఒక చదరపు మీటరు. ఎప్పుడూ మూడు పాదాలు నేల మీదే ఉండేలా నడుస్తాడు. లేచినప్పుడు ఎత్తు మూడున్నర మీటర్లు, కూర్చుంటే రెండు. కడుపు కింద చదును పీఠం. 155 తీసేశాను, బదులు చిన్న ఫిరంగి, కొన్ని మిసైళ్లు. లేజర్ ఉంది, కానీ వరసగా కాలిస్తే వేడెక్కి ఆగిపోతుంది. లోపల ముగ్గురు. డీజిల్ ఇంజన్, దాంతోపాటు చప్పుడు లేకుండా అరగంట నడిచేంత బ్యాటరీ. సంజెవేళ ఇంజన్ ఆపి బ్యాటరీ మీద కదులుతాడు.

నంద్యాల యుద్ధం తీసేశాను. మొదటి యుద్ధం బేతంచెర్ల గనుల్లో.

ఫిజిక్స్_టీచరమ్మ
24,000 కిలోలు, మూడు పాదాలకు 30,000 చదరపు సెంటీమీటర్లు. 0.8 వచ్చింది. అర్జున్ పక్కన కూర్చోబెట్టొచ్చు. పాస్.

రేగడి_రైతు
తీసేసినావా! మంచి పని చేసినావు. శనగ కోత అయ్యేదాకా మా పక్కకు ఎవరూ రావద్దండి. ఫిబ్రవరి తర్వాత కావాలంటే ఒక చిన్న యుద్ధం పెట్టుకో.

మాజీ_సిపాయి
బాగుండాది. మూడున్నర మీటర్లు ఇంకా ఎక్కువే, కానీ గని గుంతలో చెల్తాది. ముగ్గురిలో కమాండర్ ఎవరో ముందే తేల్చు, సగం కథ ఆడనే ఉంటాది.

చక్రపాణి_2
నాలుగు కాళ్ల ట్యాంకు. సరే, ఒప్పుకుంటున్నా.

హిటాచి_ఆపరేటర్
అంతా బాగుంది గానీ ఈరన్న ఒంటరిగా తిరుగుతాడా? నా బండి యాడికి పోయినా వెనక డీజిల్ డ్రమ్ములు, హోసులు, సీల్ కిట్లు, గ్రీజు బకెట్లు, ఒక వెల్డింగ్ సెట్టు రావల్ల. ఈరన్నకు రెండు లారీలన్నా కావల్ల. శత్రువు తెలివైనోడైతే ఈరన్న మీదికి రాడు. లారీలను కొడతాడు. మూడు దినాల్లో ఈరన్న వాడంతట వాడే మోకాలు పట్టేసి కూర్చుంటాడు.

ఎర్రమల_కథకుడు
అయితే మూడో అధ్యాయం లారీ మీదే. దాడి జరుగుతుంది, లారీ ఒకటే మిగులుతుంది, డ్రైవర్ దాన్ని రాత్రికి రాత్రి గని దాకా తేవాలి. ఆ డ్రైవర్‌కు మీ మాట తీరే పెడదామనుకుంటున్నా, అభ్యంతరం లేదు కదా?

హిటాచి_ఆపరేటర్
పెట్టుకో. కానీ నన్ను చంపొద్దు. ఇంట్లో చదువుతారు.